ఉపగ్రహం ఆకారాన్ని నేల మీద నుంచే త్రీడీలో పట్టుకోవడం: విడివిడి రాడార్ల వెనుక లెక్క

సంక్షిప్తంగా: కక్ష్యలో తిరిగే ఉపగ్రహానికి ఒకే రాడార్ రెండు కొలతల బొమ్మ తీయగలదు. ఆ బొమ్మకు వెడల్పు వచ్చేది ఉపగ్రహం తిరగడం వల్లే. తిరగకపోతే బొమ్మే రాదు, తిరిగినా మూడో కొలత తెలియదు. దూరదూరంగా పెట్టిన యాంటెన్నాలు ఒకే ప్రతిధ్వనిని ఒకేసారి అందుకుని, ఫేజ్ (తరంగం తన చుట్టులో ఏ చోట ఉందన్నది) తేడాను కొలిస్తే ఆ లోటు తీరుతుంది. దీనికి డిష్‌లు కట్టడం ఒక ఎత్తు, వాటి గడియారాలను సెకనులో లక్ష కోట్లవ వంతు స్థాయిలో కలిపి ఉంచడం మరో ఎత్తు. కొత్త ప్రాజెక్టుల సత్తా తేలేది ఈ రెండో దగ్గరే.

మూగబోయిన ఉపగ్రహం, తేలని ప్రశ్న

2012 ఏప్రిల్ 8న ఐరోపా అంతరిక్ష సంస్థకు చెందిన ఎన్విశాట్ ఉపగ్రహం ఉన్నట్టుండి మూగబోయింది. ఎనిమిది టన్నుల బరువున్న ఈ భూపరిశీలన ఉపగ్రహం అప్పటికి పదేళ్లుగా సుమారు 770 కిలోమీటర్ల ఎత్తులో పనిచేస్తోంది. సిగ్నల్ ఆగిపోయాక దానికి ఏమైందో తెలియాలంటే బయట నుంచి చూడటం ఒక్కటే దారి. జర్మనీలోని బాన్ నగరం దగ్గర, వాఖ్ట్‌బెర్గ్‌లో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ నడిపే టీరా రాడార్‌ను దాని వైపు తిప్పారు. దీని డిష్ వ్యాసం 34 మీటర్లు, బొమ్మలు తీసే రాడార్ పౌనఃపున్యం 16.7 గిగాహెర్ట్జ్. ఉపగ్రహం ప్రధాన భాగం, పొడవాటి సోలార్ ప్యానెల్ బొమ్మల్లో పోల్చుకోగలిగేలా వచ్చాయి. ప్రాణం పోలేదేమోనన్న ఆశ మాత్రం ఎక్కువ రోజులు నిలవలేదు. మే 9న మిషన్ ముగిసిందని ప్రకటించారు.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. అంత పెద్ద శకలాన్ని ఎప్పటికైనా కిందికి దించాలంటే అది ఏ అక్షం మీద, ఎటు వైపు, ఎంత వేగంగా దొర్లుతోందో తెలియాలి. 2013లో లేజర్ కేంద్రాల కొలతలతో అది దాదాపు 135 సెకన్లకు ఒకసారి తిరుగుతోందని తేలింది. ఎన్విశాట్ విషయంలో ఒక వెసులుబాటు ఉంది. దాని డ్రాయింగులు చేతిలో ఉన్నాయి కాబట్టి, తెలిసిన ఆకారాన్ని కంప్యూటర్‌లో రకరకాలుగా తిప్పి చూసి రాడార్ బొమ్మతో సరిపోల్చవచ్చు. ఎవరు పంపారో, ఎలా ఉంటుందో తెలియని వస్తువుకు ఈ వెసులుబాటు ఉండదు. విరిగిన ముక్కకూ ఉండదు. అలాంటప్పుడు ఆకారాన్ని కొలతల నుంచే రాబట్టాలి. విడివిడి యాంటెన్నాలతో త్రీడీ రాడార్ ఇమేజింగ్ మీద పదిహేను ఇరవై ఏళ్లుగా ఇంత పరిశోధన జరగడానికి మూలం ఈ అవసరమే.

దూరం సులువు, వెడల్పు కష్టం

రాడార్ స్వభావం కెమెరా స్వభావానికి పూర్తిగా వేరు. కెమెరా పక్కపక్కనున్న వస్తువులను విడదీస్తుంది గానీ ఏది ఎంత దూరంలో ఉందో చెప్పలేదు. రాడార్ తరంగాన్ని పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని కొలుస్తుంది. అందువల్ల ముందు వెనుకలుగా ఉన్న భాగాలను తేలిగ్గా విడదీస్తుంది. ఎంత సన్నగా విడదీయగలదన్నది సిగ్నల్ బ్యాండ్‌విడ్త్ (సిగ్నల్ వాడే పౌనఃపున్యాల వెడల్పు) మీద ఆధారపడుతుంది. 300 మెగాహెర్ట్జ్ ఉంటే 50 సెంటీమీటర్లు, 1 గిగాహెర్ట్జ్ ఉంటే 15 సెంటీమీటర్లు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఎంఐటీ లింకన్ లేబొరేటరీ నడిపే హేస్టాక్ రాడార్ 92 నుంచి 100 గిగాహెర్ట్జ్ వరకు ఏకంగా 8 గిగాహెర్ట్జ్ వెడల్పున్న సిగ్నల్ వాడుతుంది. లెక్క ప్రకారం అది 2 సెంటీమీటర్ల లోపు తేడాను కూడా విడదీస్తుంది. వస్తువు పది కిలోమీటర్ల దూరంలో ఉన్నా వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్నా ఈ సన్నదనం మారదు.

వెడల్పు దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. 3 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంతో పనిచేసే 30 మీటర్ల డిష్ నుంచి వెలువడే కిరణం, వెయ్యి కిలోమీటర్ల దూరం చేరేసరికి కిలోమీటరు వెడల్పుకు విచ్చుకుంటుంది. పది మీటర్ల ఉపగ్రహం అందులో ఒక చుక్క. అంత దూరంలో 10 సెంటీమీటర్ల తేడాను కేవలం డిష్ పరిమాణంతో పట్టాలంటే 300 కిలోమీటర్ల వ్యాసమున్న డిష్ కావాలి. అలాంటిది కట్టడం కుదరదు కనుక ఇంజినీర్లు రెండు దారులు వెతికారు. ఒకటి వస్తువు కదలికను వాడుకోవడం, రెండోది చిన్న డిష్‌లను దూరదూరంగా పరచడం.

కదలికనే యాంటెన్నాగా మార్చుకున్న పద్ధతి

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్‌వీ-ఎఫ్16 మోసుకెళ్లిన నైసార్ ఉపగ్రహం పేరులోని 'సార్' (సింథటిక్ అపెర్చర్ రాడార్) ఈ మొదటి దారికి చెందినదే. అక్కడ నేల కదలదు, రాడార్ కదులుతుంది. దారి పొడవునా అందుకున్న ప్రతిధ్వనులను కలిపితే అంత పొడవైన యాంటెన్నా ఉన్నట్టే లెక్క. దాన్ని తిరగేస్తే వచ్చేదే ఇన్వర్స్ సార్. రాడార్ నేల మీద నిలబడి ఉంటుంది, వస్తువు తన ముఖాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ పోతుంది. అలా తిరిగేటప్పుడు ఒక వైపు భాగాలు రాడార్ వైపు జరుగుతాయి, మరో వైపు భాగాలు దూరం జరుగుతాయి. ఆ చిన్న వేగాల తేడా డాప్లర్ రూపంలో పౌనఃపున్యంలో కనిపిస్తుంది. దూరం ఒక కొలత, డాప్లర్ రెండో కొలత.

దీనికి ఎంత కదలిక కావాలో ఎన్విశాట్ ఎత్తులోనే లెక్క వేసి చూడవచ్చు. సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో నడినెత్తి మీదుగా పోయే ఉపగ్రహం, రాడార్‌కు కనిపించే కోణంలో సెకనుకు అర డిగ్రీకి కాస్త ఎక్కువగా మారుతుంది. టీరా తరంగదైర్ఘ్యానికి 15 సెంటీమీటర్ల సన్నదనం రావాలంటే సుమారు మూడున్నర డిగ్రీలు చాలు. అంటే ఆరు సెకన్ల పని. తక్కువ ఎత్తు కక్ష్యల్లో ఈ పద్ధతి ఇంతగా రాణించడానికి కారణం అదే. దీనికి చరిత్ర కూడా ఉంది. పసిఫిక్‌లోని క్వాజలీన్ దీవుల్లో 1970లో మొదలైన ఆల్కోర్ రాడార్ 512 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌తో ఉపగ్రహాల బొమ్మలు తీసింది. 1973లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైల్యాబ్ సోలార్ ప్యానెల్‌కు జరిగిన నష్టాన్ని అంచనా వేయడంలోనూ దాని బొమ్మలు ఉపయోగపడ్డాయి.

అయితే ఈ పద్ధతి పూర్తిగా వస్తువు దయ మీద నడుస్తుంది. 36 వేల కిలోమీటర్ల ఎత్తులో భూస్థిర కక్ష్యలో నిలకడగా ఉన్న ఉపగ్రహం నేల మీది రాడార్‌కు దాదాపు తన ముఖం తిప్పదు. తిరగనిదానికి డాప్లర్ తేడా లేదు, తేడా లేనప్పుడు వెడల్పూ లేదు. రాడార్ వైపు సూటిగా వచ్చే విమానంతోనూ ఇదే సమస్య. పైగా డాప్లర్ అక్షం మీద అంకెలు హెర్ట్జ్‌లలో ఉంటాయి. వాటిని మీటర్లలోకి మార్చాలంటే వస్తువు ఎంత వేగంగా తిరుగుతోందో ముందే తెలియాలి. ఆ సంగతి తెలియకే కదా బొమ్మ తీస్తున్నది!

మూడో లోటు అన్నిటికన్నా లోతైనది. వచ్చిన బొమ్మ ఒక తలం మీద పడిన ఆకారం మాత్రమే. తోలుబొమ్మలాటలో తెర మీద పడే నీడను చూసి చేయి ముందుకు చాచి ఉందో వెనక్కి ఉందో చెప్పలేనట్టే, ఇన్వర్స్ సార్ బొమ్మలో ఒక ప్యానెల్ ఆ తలానికి ఇటు వైపు ఉందో అటు వైపు ఉందో తేలదు. పైగా ఆ తలం ఏదన్నది వస్తువు తిరిగే తీరు నిర్ణయిస్తుంది, రాడార్ నడిపేవాళ్లు కాదు. ఒకే ఉపగ్రహం రెండు రోజుల్లో రెండు వేర్వేరు ఆకారాల్లా కనిపించడానికి కారణం ఇదే. ఆకారం మారినట్టు అనిపిస్తుంది గానీ మారింది చూసిన తలం. బయటికి వచ్చే రాడార్ బొమ్మలను ఫోటోల్లా చదివినప్పుడు పొరపాట్లు జరిగేది ఎక్కువగా ఇక్కడే.

మూడో కొలత ఎక్కడ దొరుకుతుంది

ఒకే ప్రతిధ్వనిని రెండు చోట్ల అందుకున్నామనుకుందాం. వస్తువు మీది ఒక బిందువు నుంచి ఆ రెండు యాంటెన్నాలకు ఉండే దూరాల్లో రవ్వంత తేడా ఉంటుంది. ఆ తేడా తరంగదైర్ఘ్యంలో చిన్న భాగమైనా ఫేజ్‌లో పట్టుబడుతుంది. అందులోంచి ఆ బిందువు ఏ కోణంలో ఉందో, అక్కడి నుంచి ఎంత ఎత్తులో ఉందో లెక్క కట్టవచ్చు. దీన్నే ఇంటర్ఫెరోమెట్రీ అంటారు. ఇది కొత్త విద్య కాదు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ 60 మీటర్ల దూలాన్ని బయటికి చాచి, దాని చివర రెండో యాంటెన్నాతో పదకొండు రోజుల్లో భూమి ఎత్తుపల్లాలను కొలిచింది. ఇప్పుడు అదే సూత్రాన్ని నేల మీద నిలబడి ఆకాశం వైపు తిప్పుతున్నారు. మూడు యాంటెన్నాలను ఇంగ్లిష్ 'ఎల్' ఆకారంలో పెడితే రెండు దిక్కుల్లో రెండు బేస్‌లైన్లు (యాంటెన్నాల మధ్య ఎడాలు) వస్తాయి. దూరం, డాప్లర్‌తో విడిపోయిన ప్రతి బిందువుకూ మూడు నిరూపకాలు దొరుకుతాయి. వెడల్పు ఈసారి హెర్ట్జ్‌లలో కాక నేరుగా మీటర్లలో వస్తుంది. కాబట్టి వస్తువు తిరిగే వేగాన్ని ముందే ఊహించాల్సిన బాధ తప్పుతుంది.

బేస్‌లైన్ ఎంత ఉండాలి? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించినా మొత్తం డిజైన్ దీని చుట్టూనే తిరుగుతుంది. ఫేజ్ అనేది గడియారం ముల్లులా ఒక చుట్టు పూర్తయ్యాక మళ్లీ సున్నాకు వస్తుంది. వెయ్యి కిలోమీటర్ల దూరంలోని ఉపగ్రహాన్ని 3 సెంటీమీటర్ల తరంగంతో, 100 మీటర్ల బేస్‌లైన్‌తో చూస్తే, వస్తువు మీద 300 మీటర్లకు ఫేజ్ ఒక చుట్టు తిరుగుతుంది. ఉపగ్రహం అంతకన్నా చాలా చిన్నది కనుక గందరగోళం లేదు. కానీ ఫేజ్‌ను 10 డిగ్రీల కచ్చితత్వంతో కొలిచినా ఎత్తులో ఎనిమిది మీటర్లకు పైగా తప్పు వస్తుంది. ఉపగ్రహమంత తప్పుతో బొమ్మ ఎవరికి కావాలి?

బేస్‌లైన్‌ను కిలోమీటరుకు పెంచితే అదే 10 డిగ్రీలకు తప్పు 83 సెంటీమీటర్లకు తగ్గుతుంది, 30 మీటర్లకు ఒక చుట్టు వస్తుంది. పది కిలోమీటర్లకు పెంచితే తప్పు 8 సెంటీమీటర్లే. అయితే 3 మీటర్లకే ఫేజ్ చుట్టు తిరిగి మొదటికొస్తుంది. పది మీటర్ల ఉపగ్రహం మీద ఒక బిందువు మూడు నాలుగు చోట్ల ఎక్కడైనా ఉండవచ్చన్నమాట. చిన్న బేస్‌లైన్ సందిగ్ధం లేకుండా మొరటుగా చెబుతుంది, పెద్ద బేస్‌లైన్ సన్నగా చెబుతుంది గానీ సందిగ్ధం మిగులుస్తుంది. రెండూ కావాలి. చిన్నదానితో ఏ చుట్టులో ఉన్నామో తేల్చుకుని, పెద్దదానితో కచ్చితమైన చోటు పట్టాలి. యాంటెన్నాలను సమాన దూరాల్లో వరుసగా కాకుండా, దగ్గరివీ దూరానివీ కలిపి ఎగుడుదిగుడు ఎడంతో పెట్టడానికి కారణం ఇదే.

ఇక్కడ లెక్కకు వచ్చేది బేస్‌లైన్‌కూ వస్తువు దూరానికీ ఉన్న నిష్పత్తి. వంద కిలోమీటర్ల దూరంలోని విమానానికి 100 మీటర్ల బేస్‌లైన్ ఇచ్చే సన్నదనమే, వెయ్యి కిలోమీటర్ల దూరంలోని ఉపగ్రహానికి కిలోమీటరు బేస్‌లైన్ ఇస్తుంది. విమానాల కోసమైతే ఒక ఆవరణలో సరిపోయే వ్యవస్థ, ఉపగ్రహాల కోసం ఊళ్ల మధ్య పరచాల్సి వస్తుంది.

ఒకే గడిలో రెండు బిందువులు ఉంటే

మూడు యాంటెన్నాల పద్ధతిలో ఒక షరతు దాగి ఉంది. దూరంలోనూ డాప్లర్‌లోనూ ఒక గడిలో ఒక్క బిందువే ఉండాలి. నిజమైన ఉపగ్రహం మీద ఇది తరచూ తప్పుతుంది. ప్యానెల్ అంచు, యాంటెన్నా కడ్డీ ఒకే దూరంలో, ఒకే వేగంతో ఉంటే వాటి ప్రతిధ్వనులు కలిసిపోతాయి. కలిసిన ఫేజ్‌ను చదివితే రెండిటికీ చెందని మూడో చోట ఒక నకిలీ బిందువు కనిపిస్తుంది. కొన్నిసార్లు అది ఉపగ్రహం బయట, ఖాళీ జాగాలో తేలుతుంది.

దీనికి మందు మరిన్ని యాంటెన్నాలు. రెండు చోట్ల కొలిస్తే ఒక కోణమే తెలుస్తుంది. పది పదిహేను చోట్ల కొలిస్తే ఒకే గడిలోని రెండు మూడు బిందువులను విడదీయవచ్చు. ఖర్చు తగ్గించడానికి ఇక్కడ మైమో అనే పద్ధతి అక్కరకొస్తుంది. నాలుగు ట్రాన్స్‌మిటర్లు, ఎనిమిది రిసీవర్లు ఉంటే, ఒక్కొక్క జత ఒక్కొక్క కొత్త స్థానంలో యాంటెన్నా ఉన్నట్టు పనిచేస్తుంది. పన్నెండు పరికరాలతో ముప్పై రెండు స్థానాల సమాచారం వస్తుంది. రిసీవర్ దగ్గర ఏ సిగ్నల్ ఏ ట్రాన్స్‌మిటర్‌దో గుర్తుపట్టేలా వేర్వేరు కోడ్‌లో, పౌనఃపున్యాలో, సమయాలో కేటాయించాలి. వంతులవారీగా పంపితే ఆ మధ్యలో వస్తువు కదిలిపోతుంది. సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు పోయే వస్తువుకు మిల్లీసెకను కూడా ఏడున్నర మీటర్ల ప్రయాణమే. ఆ జరుగుడును లెక్కలో సరిదిద్దకపోతే బొమ్మ చెదిరిపోతుంది.

ఇన్ని చేసినా యాంటెన్నాల మధ్య ఖాళీలు మిగులుతాయి. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్‌లోనూ 45 మీటర్ల డిష్‌లు 30, సుమారు పాతిక కిలోమీటర్ల మేర ఇలాగే ఎడంగా ఉంటాయి. కానీ అది చూసే గెలాక్సీ గంటల తరబడి మారదు. భూమి తిరుగుతూ ఉంటే బేస్‌లైన్ల దిశలు మారి ఖాళీలు నిండుతాయి. ఉపగ్రహం కొద్ది నిమిషాల్లో దిగంతం దాటిపోతుంది. అందుకే రాడార్ ఇంజినీర్లు గణితం వైపు చూస్తారు. వస్తువు మీద గట్టిగా ప్రతిఫలించే బిందువులు కొన్ని పదులే ఉంటాయి, మిగతాదంతా దాదాపు ఖాళీ. జవాబు ఇలా పలుచగా ఉంటుందని ముందే తెలిస్తే తక్కువ కొలతలతోనూ దాన్ని రాబట్టవచ్చని 2006 ప్రాంతంలో కాండెస్, రోమ్‌బెర్గ్, తావ్, డొనోహో చూపారు. కంప్రెస్డ్ సెన్సింగ్ అని పిలిచే ఈ సిద్ధాంతం లేకపోతే నేటి విడివిడి రాడార్ల త్రీడీ బొమ్మల్లో చాలావరకు నకిలీ చుక్కలతో నిండిపోయేవి. దీనికీ హద్దు ఉంది. సిగ్నల్ బలహీనమై అనవసర సంకేతాలు (నాయిస్) పెరిగితే, ఈ పద్ధతి లేని బిందువును కూడా ధీమాగా చూపిస్తుంది.

పికోసెకన్ల దగ్గర అసలు పరీక్ష

పైన చెప్పిన లెక్కలన్నీ ఫేజ్‌ను 10 డిగ్రీల్లోపు కొలవగలమన్న నమ్మకం మీద నిలిచాయి. 10 గిగాహెర్ట్జ్ దగ్గర 10 డిగ్రీలంటే దాదాపు 3 పికోసెకన్లు. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. ఆ మూడు పికోసెకన్లలో కాంతి మిల్లీమీటరు కూడా పోదు. కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు కేంద్రాల గడియారాలు ఆ స్థాయిలో కలిసి నడవాలి.

మామూలు జీపీఎస్ టైమింగ్ నానోసెకన్ల స్థాయిలో ఉంటుంది, ఈ పనికి వేల రెట్లు చాలదు. ఆప్టికల్ ఫైబర్ వేసి ఒకే గడియారం నుంచి అన్ని కేంద్రాలకూ సిగ్నల్ పంపడం మెరుగైన దారి. అయితే ఫైబర్ కూడా ఉష్ణోగ్రతకు స్పందిస్తుంది. ఒక కిలోమీటరు ఫైబర్ ఒక్క డిగ్రీ వేడెక్కితే అందులో ప్రయాణ సమయం సుమారు 40 పికోసెకన్లు మారుతుంది. మనకు కావలసిన హద్దుకు ఇది పది రెట్లకు పైగా ఎక్కువ. అంటే ఉదయానికీ మధ్యాహ్నానికీ మధ్య ఏ సరిదిద్దుబాటూ లేకుండా వదిలేస్తే ఆ కొలతలు పనికిరావు. అందుకే సిగ్నల్‌ను వెనక్కి పంపించి, రానూపోనూ పట్టిన సమయాన్ని ఎప్పటికప్పుడు కొలుస్తూ తేడాను సరిచేస్తారు. ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్‌లో పుట్టిన వైట్ రాబిట్ టైమింగ్ పద్ధతి ఈ ఆలోచన మీదే నడుస్తుంది.

గడియారాలు కలిసినా గాలి కలవదు. ఒక కేంద్రం పైన మేఘం, మరో కేంద్రం పైన నిర్మలాకాశం ఉంటే నీటి ఆవిరి వల్ల తరంగాలు వేర్వేరుగా ఆలస్యమవుతాయి. యాంటెన్నా పునాది కొన్ని మిల్లీమీటర్లు కుంగినా లెక్క మారుతుంది. వీటిని పట్టుకోవడానికి ఆకారం ముందే తెలిసిన వస్తువును చూసి క్యాలిబ్రేట్ చేస్తారు. 1965లో అమెరికా పంపిన ఎల్‌సీఎస్-1 అనే అల్యూమినియం గోళం అలాంటిదే. మీటరుకు కాస్త ఎక్కువ వ్యాసం, లోపల పరికరాలేమీ లేవు. ఎటు నుంచి చూసినా ఒకేలా ఉండటమే దాని పని. ఆరు దశాబ్దాల తర్వాతా అది కక్ష్యలోనే ఉంది.

కేంద్రాలను ఎంత దూరం జరపవచ్చన్నదానికీ హద్దుంది. సోలార్ ప్యానెల్ లాంటి నున్నని లోహపు తలం అద్దంలా ఒక దిక్కుకే ప్రతిఫలిస్తుంది. కేంద్రాల మధ్య కోణం పెరిగితే, ఒకదానికి మెరిసిన బిందువు మరోదానికి కనబడదు. కనబడనిదానికి ఫేజ్ పోల్చలేం. అందువల్ల దగ్గరి యాంటెన్నాల గుంపులను ఫేజ్‌తో కలిపి, దూరపు గుంపుల బొమ్మలను విడిగా తీసి తర్వాత జోడించే మిశ్రమ పద్ధతి ఆచరణకు దగ్గరగా కనిపిస్తుంది.

శక్తి లెక్క, భూస్థిర కక్ష్య కష్టం

రాడార్ ప్రతిధ్వని బలం దూరం నాలుగో ఘాతంతో పడిపోతుంది. వెయ్యి కిలోమీటర్లతో పోలిస్తే 36 వేల కిలోమీటర్ల దూరంలో అది దాదాపు 17 లక్షల రెట్లు బలహీనం. విడివిడి రాడార్లకు మరో ప్రయోజనం ఇక్కడ ఉంది. ఒకేలాంటి నాలుగు రాడార్లు పంపడంలోనూ అందుకోవడంలోనూ ఫేజ్ కలుపుకుని పనిచేస్తే, మొత్తం బలం నాలుగు రెట్లు కాదు, 64 రెట్లు అవుతుంది. పాతిక రాడార్లకు ఇది 15,625 రెట్లు. దూరంలో చెప్పుకోవాలంటే పదకొండు రెట్లు దూరం చూడగలవు. ఒకటే పంపి, పాతిక ఫేజ్ కలుపుకుని అందుకుంటే మాత్రం ఆ దూరం రెండింతలకు కాస్త ఎక్కువే అవుతుంది. డిష్‌ల సంఖ్య ఒకటే, ఫలితంలో ఇంత తేడా.

పంపే యాంటెన్నాకూ అందుకునే యాంటెన్నాకూ సంబంధం లేకపోయినా ఎంత చేయవచ్చో చెప్పే ఉదాహరణ మనకు బాగా తెలిసిన ఉపగ్రహానిదే. 2008 అక్టోబర్‌లో శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-1తో 2009 ఆగస్టులో సంబంధాలు తెగిపోయాయి. 2016లో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ 70 మీటర్ల డిష్ చంద్రుడి వైపు తరంగాలు పంపింది, వెస్ట్ వర్జీనియాలోని గ్రీన్ బ్యాంక్ 100 మీటర్ల డిష్ ప్రతిధ్వనిని అందుకుంది. దాదాపు 3.8 లక్షల కిలోమీటర్ల దూరంలో, మనిషి ఎత్తుకు మించని ఆ పెట్టె దొరికింది. అయితే అది ఉనికిని పట్టడం మాత్రమే. ఆకారం తీయడం వేరే మెట్టు. తిరగని భూస్థిర ఉపగ్రహం మీద ఒక మీటరు సన్నదనాన్ని 3 సెంటీమీటర్ల తరంగంతో కేవలం యాంటెన్నాల ఎడంతో సాధించాలంటే కేంద్రాల మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉండాలి. తరంగదైర్ఘ్యం 3 మిల్లీమీటర్లకు తగ్గిస్తే వంద కిలోమీటర్ల పైచిలుకు చాలు. అప్పుడు ఫేజ్ పది రెట్లు సున్నితమవుతుంది, వర్షమేఘం కూడా పెద్ద అడ్డంకి అవుతుంది.

ఎవరెవరు ఏం కడుతున్నారు

ఈ దారిలో పెద్ద ప్రకటన చైనాది. బీజింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ చోంగ్‌చింగ్‌లో 'కాంపౌండ్ ఐ' పేరుతో చేపట్టిన ప్రాజెక్టు మొదటి దశలో 16 మీటర్ల రాడార్లు నాలుగు ఉన్నాయి. వాటితో చంద్రుడి మీది గొయ్యి త్రీడీ బొమ్మ తీసినట్టు ప్రకటించారు. రెండో దశలో 30 మీటర్ల రాడార్లు 25 కట్టాలన్నది ప్రణాళిక. భూమి దగ్గరికి వచ్చే గ్రహశకలాలను చూడటం ప్రకటించిన లక్ష్యం. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా కలిసి తలపెట్టిన డార్క్ వ్యవస్థలోనూ ప్రతి కేంద్రంలో అనేక డిష్‌లను ఒకటిగా నడుపుతారు. దాని ప్రకటిత లక్ష్యం భూస్థిర కక్ష్య ప్రాంతంలోని వస్తువులను గుర్తించి వెంటాడటం. నార్వే, ఫిన్లాండ్, స్వీడన్‌లలో మూడు చోట్ల పరచిన ఈస్కాట్ త్రీడీ 233 మెగాహెర్ట్జ్ దగ్గర అయనావరణాన్ని (పైవాతావరణంలోని విద్యుదావేశ పొర) మూడు కొలతల్లో కొలవడానికి. నార్వేలోని స్కిబోట్న్ కేంద్రంలోనే దాదాపు పదివేల యాంటెన్నాలు. 'త్రీడీ', 'అనేక యాంటెన్నాలు' అన్న మాటలు మూడు చోట్లా వినిపించినా ఈ మూడూ ఒకే పని చేసేవి కావు. ఈ తేడాను వార్తలు తరచూ వదిలేస్తున్నాయి.

ఎక్కడ పనికొస్తుంది

మొదటి ఉపయోగం కక్ష్యలోని చెత్తను తొలగించడంలో. 2024లో జపాన్ సంస్థ ఆస్ట్రోస్కేల్ పంపిన ఉపగ్రహం, 2009 నుంచి కక్ష్యలో ఉన్న పదకొండు మీటర్ల రాకెట్ పైదశ దగ్గరికి వెళ్లి పదుల మీటర్ల దూరం నుంచి ఫోటోలు తీసింది. దొర్లే తీరు, విరిగిన భాగాలు నేల నుంచే ముందుగా తెలిస్తే, ఏ శకలం పట్టుకోవడానికి వీలైనదో ఎంచుకుని ఆ తర్వాతే అలాంటి ఖరీదైన ప్రయాణం పెట్టుకోవచ్చు. రెండోది, సోలార్ ప్యానెల్ విచ్చుకోని ఉపగ్రహాల సమస్యను గుర్తించడం.

మూడోది రక్షణ రంగం. దీన్ని దాటవేయడం సరికాదు. విమానం ఏ రకందో దాని సహకారం లేకుండా గుర్తుపట్టాలంటే రెండు కొలతల బొమ్మ చూసే కోణంతో మారిపోతుంది. మూడు కొలతల బిందువులైతే ఏ కోణంలోంచి తీసినా ఒకే మోడల్‌తో సరిపోల్చవచ్చు. ఇతర దేశాల ఉపగ్రహాల మీద ఏ పరికరాలు ఉన్నాయో అంచనా వేయడానికీ ఇదే సాధనం. అందుకే ఈ రంగంలో సిద్ధాంత పత్రాలు విరివిగా వస్తున్నా, పనిచేసే వ్యవస్థల అసలు సన్నదనం గురించి దేశాలు పెద్దగా బయటపెట్టవు.

భారత్ చేతిలో ఉన్నవి

శ్రీహరికోటలోని ఎంఓటీఆర్ రాడార్ ఎల్-బ్యాండ్‌లో ఒకేసారి పది వస్తువులను వెంటాడగలదు. నేత్ర ప్రాజెక్టు కూడా వస్తువులను కనిపెట్టి, ఢీకొనే ప్రమాదాన్ని ముందే హెచ్చరించడానికి ఉద్దేశించినది. ఈ రెండింటి లక్ష్యం చోటు తెలుసుకోవడం. ఆకారం తీయడానికి వందల మెగాహెర్ట్జ్ నుంచి గిగాహెర్ట్జ్ దాకా బ్యాండ్‌విడ్త్, ఫేజ్ కలిసిన కేంద్రాలు కావాలి.

ఆ రెండో నైపుణ్యం ఇక్కడ లేనిదేమీ కాదు. తిరుపతి దగ్గరి గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల 1024 యాగీ యాంటెన్నాలను 53 మెగాహెర్ట్జ్ దగ్గర ఒకే యంత్రంలా నడిపిస్తోంది. దాని తరంగదైర్ఘ్యం ఐదున్నర మీటర్లకు పైనే. గాలుల్ని కొలవడానికి అది సరిపోతుంది గానీ ఉపగ్రహం ఆకారం అందులో కనిపించదు. జీఎంఆర్‌టీ పాతిక కిలోమీటర్ల మేర ఫైబర్‌తో ముప్పై డిష్‌లను కలిపి దశాబ్దాలుగా పనిచేస్తోంది, కాకపోతే అది వినడమే తప్ప పంపడం చేయదు. సెంటీమీటరు తరంగాల దగ్గర పంపే, వినే డిష్‌లను ఈ ఫేజ్ క్రమశిక్షణలోకి తేవడం మిగిలిన పని. దానికి మూడు డిష్‌లు, కిలోమీటరు ఎడం, క్యాలిబ్రేషన్‌కు ఒక లోహపు గోళం ఉంటే తొలి ప్రయోగం మొదలుపెట్టవచ్చు.